విస్టాకు చెడ్డపేరు ఎందుకొచ్చింది? పాత లాప్‌టాప్‌లో వేసి చూడాలంటే ఏం చేయాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది: కాలేజీ సెమినార్‌లో విండోస్ విస్టా విడుదల గురించి మాట్లాడాలి. ఎక్కడ చదివినా "స్లో, డ్రైవర్లు లేవు, పర్మిషన్ బాక్సులతో చంపింది" అనే మూడు ముక్కలే. దాదాపు అదే పునాది మీద వచ్చిన విండోస్ 7ను మాత్రం జనం నెత్తిన పెట్టుకున్నారు. విస్టా నిజంగా అంత చెడ్డదా? ఇంట్లో 2006 చివర్లో కొన్న, "విస్టా కేపబుల్" స్టిక్కరున్న 1 జీబీ లాప్‌టాప్ ఉంది. దాంట్లో వేసి కొలిచి చూడొచ్చా?

కొలవొచ్చండీ, అదే మంచి పద్ధతి. ఆ మూడు ముక్కలూ నిజమే. కాకపోతే మూడింటికీ కారణాలు వేరు, బాధ్యులు వేరు, సర్దుకున్న తేదీలు వేరు. నా లెక్కలో విస్టా పేరు 2007 మొదటి ఆర్నెల్లలో పోయింది, సరుకు 2008 మార్చికి బాగుపడింది, పోయిన పేరు ఇక తిరిగి రాలేదు. సెమినార్‌లో ఈ మధ్య దూరం ఎలా ఏర్పడిందో చూపించగలిగితే చాలు.

ముందు తేదీలు. విస్టాకు ముందటి విండోస్ ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న వచ్చింది. దాని తర్వాత చిన్న మజిలీ అనుకున్న లాంగ్‌హార్న్ ప్రాజెక్టే పెరిగి పెరిగి విస్టా అయింది. 2003 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన డెవలపర్ల సదస్సులో మైక్రోసాఫ్ట్ మూడు పెద్ద హామీలిచ్చింది: డేటాబేసులా వెతుక్కోగల ఫైళ్ల నిల్వ విన్‌ఎఫ్‌ఎస్, కొత్త గ్రాఫిక్స్ పొర అవలాన్, ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పొర ఇండిగో. అదే ఏడాది స్లామర్, బ్లాస్టర్ వర్మ్‌లు (నెట్‌వర్క్‌లో తమంతట తామే పాకే వైరస్‌లు) విండోస్ ప్రపంచాన్ని కుదిపేశాయి. ఇంజినీర్లలో చాలామందిని ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 2 (దిద్దుబాట్లన్నీ కలిపిన పెద్ద అప్‌డేట్) మీదికి మళ్లించారు. అది 2004 ఆగస్టులో వచ్చింది. అదే నెల 27న లాంగ్‌హార్న్ నుంచి విన్‌ఎఫ్‌ఎస్‌ను తీసేస్తున్నట్టు ప్రకటించి, అప్పటిదాకా రాసినదాన్ని పక్కన పడేసి, విండోస్ సర్వర్ 2003 కోడ్ మీద మళ్లీ మొదలుపెట్టారు. 2005 జులైలో విస్టా అని పేరు పెట్టారు. 2006 నవంబరు 8న కోడ్ పూర్తయింది (బిల్డ్ 6000), అదే నెల 30న కంపెనీలకు, 2007 జనవరి 30న మామూలు కొనుగోలుదారులకు అందింది.

అంటే "అయిదేళ్లు తీసుకుని ఇదా చేసింది" అనే విమర్శలో లెక్క తప్పు. చేతికొచ్చిన విస్టా రెండేళ్ల పైచిలుకు పని. ఆ తొందర మైక్రోసాఫ్ట్ కంటే డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను విండోస్‌తో కలిపి నడిపే ప్రోగ్రాములు) రాసేవాళ్ల మీద ఎక్కువ పడింది. బీటా 2 వచ్చిందే 2006 మేలో. కొత్త డ్రైవర్ నమూనాలు స్థిరపడటానికీ, డబ్బా దుకాణానికి చేరడానికీ మధ్య వాళ్లకు దొరికింది కొద్ది నెలలే.

ఇక అసలు సంగతి, మీ లాప్‌టాప్ మీదున్న స్టిక్కర్. 2006 క్రిస్మస్ అమ్మకాల సీజన్‌ను విస్టా అందుకోలేదని ఆ ఏడాది మార్చిలోనే తేలిపోయింది. అలాగని వదిలేస్తే జనం ఎక్స్‌పీ పీసీలు కొనకుండా ఆగిపోతారు. అందుకే "ఇప్పుడు ఎక్స్‌పీతో కొనండి, రేపు విస్టా నడుస్తుంది" అని చెప్పే స్టిక్కర్లు పుట్టాయి. వాటిలో రెండు రకాలు. "ప్రీమియం రెడీ" అంటే 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 128 ఎంబీ గ్రాఫిక్స్ మెమరీ, డైరెక్ట్‌ఎక్స్ 9, పిక్సెల్ షేడర్ 2.0, అన్నిటికంటే ముఖ్యంగా డబ్ల్యూడీడీఎం అనే కొత్త రకం గ్రాఫిక్స్ డ్రైవర్. "కేపబుల్" అంటే 800 మెగాహెర్ట్జ్, 512 ఎంబీ, డైరెక్ట్‌ఎక్స్ 9 వరస గ్రాఫిక్స్, అంతే. టీవీ ప్రకటనల్లో కనిపించే గాజు అంచుల కిటికీలు (ఏరో) కేపబుల్ మెషీన్‌కు వస్తాయన్న గ్యారంటీ లేదు. స్టిక్కర్ చూసి కొన్నవాళ్లలో ఎంతమందికి ఈ తేడా తెలుసు?

ఇక్కడ ఇంటెల్ 915 చిప్‌సెట్ కథలోకి వస్తుంది. దాని గ్రాఫిక్స్‌కు డబ్ల్యూడీడీఎం డ్రైవర్ రాలేదు, ఎప్పటికీ రాలేదు. మొదట కేపబుల్ స్టిక్కర్‌కు కూడా ఆ డ్రైవర్ తప్పనిసరి అనుకున్నారు. తర్వాత ఆ షరతు ఎత్తేశారు. ఇంటెల్ దగ్గర 915 బోర్డులు ఇంకా అమ్ముడవుతున్నాయి, వాటి త్రైమాసిక లెక్కలు దెబ్బతినకుండా ఈ సడలింపు ఇచ్చామని మైక్రోసాఫ్ట్ అధికారి ఒకరు లోపలి మెయిల్‌లో రాసుకున్నారు. కొత్త 945 చిప్‌సెట్ కోసం అప్పటికే ఖర్చు పెట్టిన హెచ్‌పీకి ఈ సడలింపు మింగుడుపడలేదు. ఈ మెయిళ్లన్నీ సియాటిల్ ఫెడరల్ కోర్టులో 2007లో పడ్డ కేసు వల్ల బయటికొచ్చాయి. మైక్రోసాఫ్ట్ వైస్ ప్రెసిడెంట్ ఒకాయన 915 ఉన్న లాప్‌టాప్ కొనుక్కుని, తన దగ్గరున్నది ఇప్పుడు 2,100 డాలర్ల ఈమెయిల్ మెషీన్ అని వాపోయింది కూడా ఆ కాగితాల్లోనే. కేసును 2008 ఫిబ్రవరిలో కొనుగోలుదారులందరి తరఫు దావాగా కోర్టు ఒప్పుకుంది, ఏడాది తిరక్కుండా ఆ హోదా తీసేసింది. చట్టం దృష్టిలో విషయం తేలిపోయింది, జనం దృష్టిలో మాత్రం "అమ్మినవాడికే తెలుసట" అన్నది స్థిరపడింది. (విండోస్ 11కు టీపీఎం 2.0 భద్రతా చిప్ తప్పనిసరి అన్నప్పుడు తిట్టినవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. గీత కిందికి దించితే ఎలాంటి తిట్లు పడతాయో మైక్రోసాఫ్ట్ 2007లోనే చూసింది.)

2006 చివరి మెషీన్ కనుక మీది 945 అయ్యుండే అవకాశం ఎక్కువ. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్ కింద చూడండి. 945 అని ఉంటే ఏరో నడుస్తుంది. 915 అని ఉంటే పాతకాలపు "విస్టా బేసిక్" రూపమే గతి, ర్యామ్ ఎంత పెంచినా అది మారదు.

"స్లో" అన్న మాటకు వద్దాం. ఇందులో కనీసం నాలుగు సంగతులు కలిసిపోయాయి.

మొదటిది ఏరో మెమరీ లెక్క. ఎక్స్‌పీలో కిటికీ నేరుగా తెర మీద గీసుకునేది. విస్టాలో ప్రతి కిటికీ తన బొమ్మను విడిగా గీసుకుంటే, డెస్క్‌టాప్ విండో మేనేజర్ వాటన్నిటినీ గ్రాఫిక్స్ కార్డుతో ఒకచోట పేర్చి తెర మీద పెడుతుంది. 1280×1024 తెర నిండా ఉన్న కిటికీకి, పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున, 5 ఎంబీ అవుతుంది. విస్టా డ్రైవర్ నమూనాలో మామూలు ప్రోగ్రాముల కిటికీలకు ఈ బొమ్మ రెండు చోట్ల ఉంటుంది: ఒకటి ర్యామ్‌లో, ఒకటి గ్రాఫిక్స్ మెమరీలో. అంటే కిటికీకి 10 ఎంబీ. పది పెద్ద కిటికీలు తెరిస్తే 100 ఎంబీ. విడి గ్రాఫిక్స్ కార్డున్నవాడికి అందులో సగమే ర్యామ్ నుంచి పోతుంది. మీ లాప్‌టాప్‌లాంటి వాటిలో గ్రాఫిక్స్ మెమరీ కూడా ర్యామ్‌లోంచి కోసుకున్నదే కాబట్టి రెండు కాపీలూ అక్కడే కూర్చుంటాయి. విండోస్ 7లో డబ్ల్యూడీడీఎం 1.1 డ్రైవర్ ఉంటే ర్యామ్‌లోని కాపీ ఉండదు. "7 తేలిగ్గా ఉంది" అన్న అనుభూతికి ఇదొక గట్టి కారణం, కానీ మామూలు చర్చల్లో దీని ఊసే రాదు.

రెండోది సూపర్‌ఫెచ్. మీరు తరచూ వాడే ప్రోగ్రాములను గమనించి, ఖాళీగా ఉన్న ర్యామ్‌లోకి ముందే చదివి పెడుతుంది. ఆలోచన మంచిదే. అయితే మెషీన్ ఆన్ చేయగానే డిస్కు ఎర్రలైటు ఆగకుండా వెలుగుతుంది, టాస్క్ మేనేజర్‌లో "ఫ్రీ" అన్నచోట 5 ఎంబీయో 10 ఎంబీయో కనిపిస్తుంది. చూసినవాడు గుండె పట్టుకుంటాడు. ఆ మెమరీ అడగ్గానే ఖాళీ అవుతుందని ఎవరూ చెప్పలేదు. దీనికి తోడు సెర్చ్ ఇండెక్సింగ్, డిఫెండర్ స్కాన్, వారానికోసారి డీఫ్రాగ్. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే లాప్‌టాప్ డిస్కు మీద ఇవన్నీ ఒకేసారి పడితే మౌస్ కూడా తడబడుతుంది. కొన్న మొదటి వారమే ఇది ఉధృతంగా ఉంటుంది. కొత్త పీసీ మీద అభిప్రాయం ఏర్పడేదీ ఆ వారంలోనే.

మూడోది ఫైల్ కాపీ. ఇది కొంత నిజం, కొంత భ్రమ. ఎక్స్‌పీ కాపీ చేసేటప్పుడు డేటాను మెమరీలోని క్యాష్‌కు అప్పగించి "అయిపోయింది" అని బాక్స్ మూసేసేది. డిస్కు మీద రాయడం వెనకాల సాగుతూ ఉండేది. విస్టా మొదటి విడుదల క్యాష్‌ను దాటేసి, పెద్ద ముక్కలుగా నేరుగా డిస్కుకు రాసి, రాయడం పూర్తయ్యాకే బాక్స్ మూసింది. నిజాయితీ ఎక్కువై దెబ్బతింది. ఆ పైన మిగిలిన సమయం లెక్కవేస్తున్నానంటూ ఊరికే తిరుగుతూ ఉండటం. చిన్న ఫైళ్లు వందలు ఉన్నప్పుడు మాత్రం నిజంగానే ఎక్స్‌పీ కంటే వెనకబడింది. సర్వీస్ ప్యాక్ 1లో చాలావరకు పాత పద్ధతికే తిరిగొచ్చారు.

నాలుగోది విచిత్రమైనది: పాట పెడితే నెట్‌వర్క్ కాపీ నెమ్మదిస్తుంది. 2007 ఆగస్టులో బయటపడి పెద్ద గోల అయింది. పాట తెగిపోకుండా ఉండాలని, మీడియా నడుస్తున్నంతసేపు నెట్‌వర్క్ ప్యాకెట్లను మిల్లీసెకనుకు 10కి పరిమితం చేశారు. సెకనుకు 10,000 ప్యాకెట్లు, ఒక్కొక్కటి 1,500 బైట్లు, అంటే 15 ఎంబీ. 100 మెగాబిట్ నెట్‌వర్క్ గరిష్ఠంగా ఇచ్చేదే 12 ఎంబీ కనుక అక్కడ తేడా తెలియదు. గిగాబిట్ ఉన్నవాళ్లకే దెబ్బ. మన దగ్గర ఆ రోజుల్లో బ్రాడ్‌బ్యాండ్ అంటే 256 కేబీపీఎస్. ఈ లోపం తగలడానికి అవకాశమే లేని ఇళ్లలో కూడా "విస్టాలో పాట పెడితే నెట్ స్లో" అన్న మాట వినిపించింది. పేరు చెడ్డాక అంతే, ఊళ్లో ఏ దొంగతనం జరిగినా వాడిమీదికే పోతుంది.

డ్రైవర్ల విషయంలో జనం కోపం న్యాయమే, అయితే సగం కోపం తప్పు గుమ్మం ముందు పడింది. విస్టాలో ఒకేసారి మారినవి చూడండి. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఎక్కువ భాగాన్ని కెర్నెల్ (విండోస్‌కు గుండెకాయలాంటి భాగం) నుంచి బయటికి తెచ్చారు. ధ్వని వ్యవస్థను మొత్తం తిరగరాశారు. దాంతో సౌండ్ కార్డు హార్డ్‌వేర్‌ను నేరుగా వాడుకునే పాత గేముల్లో చుట్టూ వినిపించే ఎఫెక్టులు పోయాయి. క్రియేటివ్ కంపెనీ ఆల్కెమీ అనే అతుకు సాఫ్ట్‌వేర్ ఇవ్వాల్సి వచ్చింది. సర్వీసులన్నిటినీ (తెర వెనక నడిచే ప్రోగ్రాములు) యూజర్ తెరతో సంబంధం లేని సెషన్ 0లో విడిగా పెట్టారు. దానివల్ల తెర మీద బాక్స్ చూపించే అలవాటున్న పాత ప్రింటర్ సర్వీసులు తమ సందేశాన్ని ఎవరూ చూడని గదిలో చూపించి, జవాబు కోసం కూర్చుండిపోయాయి. 64 బిట్ విస్టా అయితే డిజిటల్ సంతకం లేని కెర్నెల్ డ్రైవర్‌ను గడప దాటనివ్వదు. ఇక వెర్షన్ నంబరు 5.1 నుంచి 6.0కు మారేసరికి, "5 అయితేనే నడుస్తా" అని రాసుకున్న ప్రోగ్రాములు ఏ కారణమూ లేకుండానే ఆగిపోయాయి. విండోస్ 7 లోపలి నంబరు 6.1 కావడానికి కారణం ఈ చేదు అనుభవమే.

కోర్టు కాగితాల్లో బయటపడ్డ ఒక పట్టిక సెమినార్‌లో తప్పకుండా చూపించండి. మైక్రోసాఫ్ట్‌కు 2007లో చేరిన విస్టా క్రాష్ నివేదికల్లో 28.8 శాతం ఎన్‌విడియా డ్రైవర్లవి, 17.9 శాతం మైక్రోసాఫ్ట్ సొంతవి, 9.3 శాతం ఏటీఐవి, 8.8 శాతం ఇంటెల్‌వి. క్రాష్ అయినప్పుడు వచ్చే నీలితెర మీద మాత్రం విండోస్ పేరే ఉంటుంది కదా. ప్రింటర్లు, స్కానర్ల కంపెనీలది ఇంకో లెక్క: మూడేళ్ల క్రితం అమ్మిన మోడల్‌కు ఇప్పుడు కొత్త డ్రైవర్ రాస్తే వాళ్లకొచ్చే లాభమేమిటి? కొత్త ప్రింటర్ కొనమన్నారు.

యూజర్ అకౌంట్ కంట్రోల్ (యూఏసీ), అంటే ఆ పర్మిషన్ బాక్సులు. ఎక్స్‌పీలో ఇంట్లో అందరూ అడ్మినిస్ట్రేటర్లే, కాబట్టి వైరస్ కూడా అడ్మినిస్ట్రేటరే. ఆ అలవాటు మాన్పించాలని విస్టా అడ్మిన్‌ను కూడా మామూలు హక్కులతో నడిపి, అవసరమైనప్పుడు అడుగుతుంది. ప్రతి ప్రోగ్రామూ తనకు అడ్మిన్ హక్కులుంటాయన్న ధీమాతో రాసిందే కావడంతో బాక్సులు వర్షంలా కురిశాయి. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఒక్క ఫోల్డర్ పేరు మార్చడానికి నాలుగుసార్లు అడిగేది. "నాన్నా పులి" కథ గుర్తుందిగా, పదోసారికి జనం చదవకుండానే సరే నొక్కారు, లేదా మొత్తం ఆపేశారు. ఆపిల్ దీన్ని "క్యాన్సిల్ ఆర్ అలౌ" అనే ప్రకటనతో ఉతికి ఆరేసింది. డెవలపర్ల మీద ఒత్తిడి తేవాలనే ఉద్దేశం దీని వెనక ఉందని మైక్రోసాఫ్ట్ వాళ్లు 2008లో బాహాటంగానే ఒప్పుకున్నారు. ఆ ఒత్తిడి పనిచేసింది కూడా: ఇలా బాక్సులు లేపే ప్రోగ్రాములు, పనులు 7,75,312 నుంచి 2008 ఆగస్టుకు 1,68,149కి తగ్గాయని విండోస్ 7 బృందం లెక్క చెప్పింది. అంటే తిట్లు విస్టా తింది, ఫలితం 7 అనుభవించింది.

ఇందులోనే ఎక్కువమందికి తెలియని ఒక చిక్కు. తన డేటాను ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లోనే రాసుకునే పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లను విస్టా ఆపకుండా, వాటికి తెలియకుండా ఆ ఫైల్‌ను యూజర్ సొంత ఫోల్డర్‌లోని వర్చువల్ స్టోర్‌కు మళ్లిస్తుంది. ఒకే యూజర్ ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. రెండో వ్యక్తి తన పేరుతో లాగిన్ అయితే నిన్నటి ఎంట్రీలు కనిపించవు. యూఏసీ ఆపేసినా మళ్లింపు ఆగిపోతుంది, ప్రోగ్రామ్ ఆర్నెల్ల కిందటి పాత ఫైల్ తెరుస్తుంది. "విస్టా నా డేటా తినేసింది" అన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. డేటా ఎక్కడికీ పోలేదు, వేరే ఫోల్డర్‌లో ఉంది, అంతే.

తెలుగువాళ్లకు సంబంధించి విస్టా చేసిన మేలు ఒకటుంది, దాన్ని మీ సెమినార్‌లో తప్పక చెప్పాలి. ఎక్స్‌పీలో తెలుగు కనిపించాలంటే రీజనల్ ఆప్షన్లలోకి వెళ్లి, కాంప్లెక్స్ స్క్రిప్టుల ఫైళ్లు ఇన్‌స్టాల్ చేయమని టిక్ పెట్టి, సీడీ పెట్టి, రీస్టార్ట్ చేయాలి. గౌతమి ఫాంటు కూడా ఆ టిక్కుతోనే వచ్చేది. టిక్కు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. విడిగా ఇంకో తెలుగు ఫాంటు వేసుకున్నా ఒత్తులు అక్షరం కింద కూర్చోక పక్కకు పడతాయి. లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో ఎంత ముచ్చటగా టైపు చేసి బ్లాగులో పెట్టినా, చదివేవాడి మెషీన్‌లో ఆ టిక్కు లేకపోతే అంతే సంగతులు. ఇంటర్నెట్ సెంటర్లలో ఎక్స్‌పీ సీడీ అడిగితే ఇచ్చేదెవరు? విస్టాలో ఇదంతా మొదటినుంచే ఉంది. ఏ సెట్టింగూ ముట్టకుండా తెలుగు పేజీ తెరిస్తే తెలుగు కనిపించింది. కీబోర్డు కావాలంటే మాత్రం ఇన్‌స్క్రిప్ట్ చేర్చుకోవాలి. ఇంత మంచి మార్పు విస్టా ఖాతాలో జమ కాలేదు. మనలో ఎక్కువమంది దాన్ని విండోస్ 7లో చూశారు మరి.

మన దగ్గర విస్టా తక్కువ కనిపించడానికి ఇంకో కారణం డబ్బు, మర్యాదగా చెప్పాలంటే లైసెన్సు. ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో కంపెనీలకిచ్చిన వాల్యూమ్ కీలకు యాక్టివేషన్ అక్కర్లేదు. అలాంటి కీ ఒకటి బయటికి పొక్కితే చాలు, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అసెంబుల్ చేయించుకున్న పీసీ నుంచి పల్లెటూరి డీటీపీ షాపు దాకా అదే. విస్టాలో కంపెనీల కాపీకి కూడా యాక్టివేషన్ పెట్టారు, కొన్ని రకాలకు 180 రోజులకోసారి మళ్లీ రుజువు కావాలి. అమెరికాలో అల్టిమేట్ ఎడిషన్ ధర 399 డాలర్లు. మనలాంటి దేశాల కోసం తెచ్చిన స్టార్టర్‌లో ఒకేసారి మూడు ప్రోగ్రాములే నడుస్తాయి. దానికంటే ఉన్న ఎక్స్‌పీయే నయమని ఎవరికైనా అనిపిస్తుంది.

అమ్మకాల అంకెలతో జాగ్రత్త. మొదటి నెలలో 2 కోట్లు, 2008 జనవరికి 10 కోట్ల లైసెన్సులని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అంకెలు అబద్ధం కావు. అయితే బిజినెస్, అల్టిమేట్ ఎడిషన్లు కొన్నవాళ్లకు ఎక్స్‌పీకి దిగే హక్కుంది. అలా దిగిన మెషీన్ కూడా విస్టా అమ్మకం కిందే లెక్క. జనం ఏమనుకున్నారో తెలియాలంటే వేరే గుర్తులు చూడండి: విస్టా వచ్చిన మూడు నెలలకే, 2007 ఏప్రిల్‌లో, డెల్ ఇళ్లకు అమ్మే పీసీల్లో కొన్నిటికి ఎక్స్‌పీని తిరిగి తెచ్చింది. 2008 జనవరితో ఆపేస్తామన్న ఎక్స్‌పీ అమ్మకాలను జూన్ 30 దాకా పొడిగించారు. చిన్న నెట్‌బుక్కులు వచ్చాక వాటికోసం ఇంకా పొడిగించక తప్పలేదు. వాడకంలో విస్టా ఎక్స్‌పీని ఒక్కనాడూ దాటలేదు.

2008 జులైలో మొహావే ప్రయోగం అని ఒకటి చేశారు. విస్టా అంటే ముఖం చిట్లించే ఎక్స్‌పీ వాడకందార్లను పిలిచి, ఇది రాబోయే కొత్త విండోస్ అని చూపించారు. విస్టాకు చూడకముందు సగటున 10కి 4.4 వేసినవాళ్లు, ఆ కొత్తదానికి 8.5 వేశారు. ఆ కొత్తది విస్టాయే. దీన్ని "చూశారా, అంతా అపోహే" అనడానికి వాడుకున్నారు. నాకైతే ఇది సగం రుజువే. చూపించిన మెషీన్‌లో 2 జీబీ ర్యామ్ ఉంది, డ్రైవర్లన్నీ సర్ది ఉన్నాయి, నడిపింది తెలిసినవాడు, వచ్చినవాళ్లు తమ పాత ప్రింటర్ వెంట తెచ్చుకోలేదు. మంచి మెషీన్ మీద విస్టా బాగుంటుందని తేలింది. 2007లో జనం కొన్న మెషీన్ గురించి ఏమీ తేలలేదు.

సర్వీస్ ప్యాక్ 1 2008 మార్చి 18న అందరికీ వచ్చింది. ఫోల్డర్ పేరు మార్పుకు నాలుగు బాక్సులు ఒకటయ్యాయి, కాపీ సర్దుకుంది, దొంగ కాపీ అని అనుమానమొస్తే మెషీన్‌ను స్తంభింపజేసే పద్ధతి పోయింది. దీనికి దారి వేయడానికి ముందుగా పంపిన కేబీ 937287 అనే అప్‌డేట్ కొన్ని మెషీన్లను ఆగకుండా రీస్టార్ట్ అయ్యేలా చేసి, కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు కూడా కాల్చాయన్నమాట. ఇక 2009 అక్టోబరు 22న వచ్చిన విండోస్ 7 కనీస అవసరాలు విస్టా ప్రీమియం కంటే పెరగలేదు: అదే 1 గిగాహెర్ట్జ్, అదే 1 జీబీ. ఈలోగా లాప్‌టాప్‌లు 2, 3 జీబీకి చేరాయి, డ్రైవర్లు మూడేళ్లు ముదిరాయి, ప్రోగ్రాములు అడ్మిన్ హక్కులు అడగడం మానేశాయి. విరిగిన రొట్టె నేతిలో పడ్డట్టయింది. విండోస్ 7 బృందం పని తక్కువేమీ కాదు, కానీ విస్టా దెబ్బలు తినకపోతే ఆ నెయ్యి అక్కడ ఉండేది కాదు.

ఇప్పుడు మీ పరీక్ష. వర్చువల్ మెషీన్‌లో చేయకండి. కింద ఎస్‌ఎస్‌డీ ఉంటే డిస్కు బాధలన్నీ మాయమవుతాయి, ఏరో సరిగా రాదు, రెంటికీ చెడుతుంది. పాత లాప్‌టాప్‌లోని పాత డిస్కే కావాలి. అందులోని ఫొటోలు, ఫైళ్లు ముందు బయటికి తీసేసుకోండి. మద్దతు 2017 ఏప్రిల్ 11తో ముగిసింది కనుక మొదటినుంచి చివరిదాకా నెట్‌కు కలపకండి. 2020 నుంచి పాత పద్ధతి అప్‌డేట్ సర్వర్లు కూడా లేవు, కలిపినా ఉపయోగం లేదు. సర్వీస్ ప్యాక్ 1, 2 ఫైళ్లు, లాప్‌టాప్ డ్రైవర్లు వేరే మెషీన్‌లో దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి.

ఇన్‌స్టాల్ డీవీడీ విషయంలో ఒక జాగ్రత్త: సర్వీస్ ప్యాక్ కలిపి వచ్చిన డీవీడీ అయితే 2007 అనుభవం కనిపించదు. బిల్డ్ 6000 ఉన్న మొదటి డీవీడీ, 32 బిట్, హోమ్ ప్రీమియం కావాలి. హోమ్ బేసిక్‌లో గాజు అంచులుండవు. సెటప్‌లో కీ అడిగినచోట ఖాళీగా వదిలి ముందుకెళ్లొచ్చు, 30 రోజులు నడుస్తుంది. గడువు దగ్గరపడితే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో లైసెన్సు స్క్రిప్టుకు రీఆర్మ్ ఆదేశమిచ్చి (slmgr -rearm) మూడుసార్లు పొడిగించుకోవచ్చు, మొత్తం 120 రోజులు. సెమినార్‌కు అది చాలా ఎక్కువ.

నాలుగు దశల్లో, ప్రతి దశలో అవే కొలతలు తీయండి: మొదటి విడుదల 1 జీబీతో, మొదటి విడుదల 2 జీబీతో (1 జీబీ డీడీఆర్2 లాప్‌టాప్ ర్యామ్‌లు రెండు), సర్వీస్ ప్యాక్ 1తో, సర్వీస్ ప్యాక్ 2తో. కొలవాల్సినవి: ఆన్ చేసినప్పటి నుంచి డిస్కు లైటు నిమ్మళించేదాకా సమయం, 1 జీబీ ఒకే ఫైల్ కాపీ, అంతే పరిమాణం ఉన్న వేల చిన్న ఫైళ్ల కాపీ, పది కిటికీలు తెరిచినప్పుడు ఏరోతో, ఏరో లేకుండా మెమరీ వాడకం. ఎక్స్‌పీతో పోల్చేటట్టయితే బాక్స్ మూసుకునే క్షణం దగ్గర గడియారం ఆపొద్దు, డిస్కు లైటు ఆగినప్పుడు ఆపండి. లేదంటే పైన చెప్పిన భ్రమనే మీరూ కొలుస్తారు. ఒక్కో కొలత మూడుసార్లు, మధ్యలో రీస్టార్ట్. ఇన్‌స్టాల్ అయిన మొదటి గంటలో తీసిన అంకెలు ఒక వరుసలో, రెండు రోజులు మెషీన్ ఆన్‌లో వదిలాక తీసినవి ఇంకో వరుసలో రాయండి. ఇండెక్సింగ్ ప్రభావం ఈ రెండు వరుసల తేడాలో కనిపిస్తుంది.

విండోస్ ఎక్స్‌పీరియన్స్ ఇండెక్స్ కూడా రాసుకోండి. విస్టాలో అది 1.0 నుంచి 5.9 దాకా ఉంటుంది, మొత్తం స్కోరు సగటు కాదు, అన్నిటిలోకి తక్కువది. మీ మెషీన్‌లో బహుశా గ్రాఫిక్స్ దగ్గరే ఆగుతుంది.

సర్వీస్ ప్యాక్ 2 నేరుగా ఎక్కదు, ముందు 1 ఉండాలి. ప్రతిదానికీ ముందు 12 జీబీ దాకా ఖాళీ చూసుకోండి, చార్జర్ పెట్టి ఉంచండి. సర్వీస్ ప్యాక్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మూడో దశలో 0 శాతం దగ్గర చాలాసేపు కదలనట్టు కనిపిస్తుంది, పవర్ బటన్ జోలికి పోవద్దు. ఒక్కోసారి గంట పైనే పడుతుంది. రెండూ ఎక్కాక కాంప్‌క్లీన్ (compcln) అనే ఆదేశంతో పాత ఫైళ్ల కాపీలు తీసేసి జాగా వెనక్కి తెచ్చుకోవచ్చు. కాకపోతే ఆ తర్వాత సర్వీస్ ప్యాక్‌ను వెనక్కి తీయలేరు. కనుక కొలతలన్నీ అయి, అంకెలు రెండుసార్లు సరిచూసుకున్నాకే ఆ పని చేయండి.